జూడో ఉచికోమిలో సాఫీగా వచ్చే సెయోయి నాగే రాండోరీలో ఎందుకు పనిచేయడం లేదు?

రోజూ వంద ఉచికోమి (పడేయకుండా, లోపలికి వెళ్లడం వరకే పదేపదే చేసే సాధన) చేస్తున్నారు, మొరోతే సెయోయి నాగే (ఒక చేత్తో స్లీవ్, ఇంకో చేత్తో కాలర్ పట్టుకుని వీపు మీదుగా పడేసే త్రో) చక్కగా వస్తోంది, రాండోరీలో (స్వేచ్ఛగా తలపడే సాధనలో) మాత్రం ఎదుటివాడు కదలడం లేదు, సంఖ్య రెండు వందలకు పెంచాలా అని అడిగారు. పెంచకండి. ఉన్న వందలోనే సగానికి పైగా తగ్గించి, మిగిలిన సమయాన్ని వేరే సాధనకు పెట్టండి.

1882లో కొడోకాన్ జూడో పాఠశాలను స్థాపించిన కానో జిగోరో త్రోను మూడు దశలుగా విడదీసి నేర్పారు: ఎదుటివాడి బ్యాలెన్స్ చెడగొట్టే కుజుషి, మనం లోపలికి చొరబడి కుదురుకునే త్సుకురి, పడేసే కాకె. కదలకుండా నిలబడ్డ పార్ట్‌నర్‌ మీద మనకు అలవాటయ్యేది మధ్యది ఒక్కటే. అతను బిగుసుకోడు కాబట్టి లాగకుండానే లోపలికి వెళ్లిపోతాం. నడుము ఆనించగానే వెనక్కి వచ్చేస్తాం కాబట్టి పడేయడం ఒంటికి పట్టదు, ఆగడం పడుతుంది. రాండోరీలో ఆ అరక్షణం ఆగితే చాలు, అతను నడుము దించేసి మిమ్మల్ని వెనక్కి లాగేస్తాడు.

నేర్పేటప్పుడు నేను మొదట చూసేది ఎడమ చేయి (మీది కుడి వాటం అనుకుని రాస్తున్నాను). అతని కుడి స్లీవ్‌ను మోచేతి దగ్గర పట్టుకుని, కుడి పాదం వేయకముందే మీ కంటి ఎత్తుకు లాగాలి. అతని మడమలు తేలికై బరువు వేళ్ల మీదికి వచ్చిందా, అదే కుజుషి. చాలామంది ముందు తిరిగి తర్వాత లాగుతారు. అప్పుడు వీపుకీ అతని ఛాతీకీ మధ్య ఖాళీ మిగులుతుంది, మెడ అతని చేతికి దొరుకుతుంది.

పాదాలు అతని పాదాల మధ్యలో, అంతకన్నా వెడల్పు కాకుండా ఉండాలి. మీ నడుము అతని బెల్ట్ కన్నా కిందికి దిగాలి, అదీ మోకాళ్లు వంచి, నడుము వంచి కాదు.

కుడి మోచేయి విషయంలో మాత్రం జాగ్రత్త. అది అతని కుడి చంక కిందికి పూర్తిగా దూరకుండా బయటే ఉండిపోయి, మణికట్టు వెనక్కి విరిగినట్టు వంగితే బరువంతా మోచేయి లోపలి వైపు పడుతుంది. అక్కడ నొప్పి మొదలైతే ఓర్చుకుని చేయకండి. కొన్నాళ్లు ఇప్పోన్ సెయోయి నాగేకు మారండి, అందులో కుడి చేత్తో అతని భుజాన్ని కింద నుంచి బిగిస్తాం కాబట్టి ఆ మెలిక ఉండదు.

ఇక సాధన. నిలబడి చేసే ఉచికోమి ముప్పై చాలు, నెమ్మదిగా, ప్రతిసారీ అతని మడమలు గమనిస్తూ. తర్వాత ఇంకో ముప్పై నడుస్తూ: మీరు వెనక్కి అడుగేస్తూ అతన్ని రప్పించండి, అతని కుడి పాదం మ్యాట్‌ను తాకి బరువు దాని మీద పడుతున్న క్షణంలో లోపలికి వెళ్లండి. బరువు కుదురుకున్నాక వెళ్తే గోడను లాగినట్టే ఉంటుంది. మూడో మనిషి దొరికితే సన్నిన్ ఉచికోమి అన్నిటికన్నా మంచిది. ఆ మూడో మనిషి పార్ట్‌నర్ బెల్ట్‌ను వెనక నుంచి గట్టిగా పట్టుకుంటాడు, మీరు పూర్తి బలంతో లాగి పార్ట్‌నర్ కాళ్లు లేచేదాకా ఎత్తాలి. పదేసి చొప్పున మూడు సెట్లకే ఆయాసం వస్తుంది. చివర్లో క్రాష్ మ్యాట్ (మందపాటి మెత్తటి మ్యాట్) మీద ఇరవై నాగేకోమి, అంటే నిజంగా పడేసే సాధన, ఏదీ మధ్యలో ఆపకుండా. పడేశాక స్లీవ్ వదలొద్దు, కాస్త పైకి లాగి పట్టుకుంటే పార్ట్‌నర్ తల నేలకు తగలదు. అతనికి ఉకేమి (దెబ్బ తగలకుండా పడటం) సరిగా రాకపోతే, అంటే గడ్డం ఛాతీకి ఆనించి అరచేత్తో మ్యాట్‌ను కొట్టడం రాకపోతే, నాగేకోమి వాయిదా వేయండి.

ఒంటరిగా ఉన్న రోజు కిటికీ ఊచకు ఛాతీ ఎత్తులో కట్టిన సైకిల్ ట్యూబ్ పనికొస్తుంది, కానీ కాళ్ల వేగానికి మాత్రమే. కుజుషి దాంతో రాదు.

రాండోరీకి ముందు రెండు మూడు నిమిషాలు యకుసోకు గేయికో అడగండి: ఇద్దరూ స్వేచ్ఛగా కదులుతారు, సరైన సమయంలో వెళ్తే అతను అడ్డుకోకుండా పడతాడు. ఆ తర్వాత కాకారి గేయికో, అంటే మీరు దాడి, అతను కాచుకోవడం. అతను మీ సెయోయికి భయపడి వెనక్కి వాలడం మొదలుపెడితే బరువు మడమల మీదికి వెళ్లినట్టే, వెంటనే ఓ-ఉచి గారి (మీ కాలితో అతని కాలిని లోపలి నుంచి లాగి వెనక్కి పడేసే త్రో) వేయండి.