గరువులో మట్టి ఎందుకు నిలవట్లేదు?

ప్రశ్న: సార్, మాది శ్రీకాకుళం జిల్లా మెళియాపుట్టి దగ్గర. కొండ కింద వాలు గరువులో (మెట్ట భూమిలో) రెండెకరాల జీడితోట ఉండేది, 2018లో తిత్లీ తుపానుకి మొత్తం కూలిపోయింది. మొద్దులు తీయించి ట్రాక్టర్‌తో దున్నించి మొక్కజొన్న వేస్తున్నాం. మొదట్లో బాగానే పండింది, ఇప్పుడు ఎంత యూరియా వేసినా ఎదగట్లేదు, వానొస్తే గెడ్డ (వాగు) ఎర్రగా పారుతోంది, పొలంలో రాళ్లు తేలాయి. నీలగిరి చెట్లు వేసేద్దామా?

జవాబు: తమ్ముడూ, రాళ్లు తేలాయన్నారు కదా, అది చదివి చాలా బాధేసింది. వాటి మీదున్న మట్టంతా గెడ్డలో కలిసిపోయినట్టే. ఎకరంలో ఒక్క మిల్లీమీటరు మందం మట్టి కొట్టుకుపోతే సుమారు ఐదు టన్నులు, అంత పోయినా కంటికి కనపడదు, మీకు రాళ్లే తేలాయంటే ఎంత పోయిందో ఆలోచించండి. మన వైపు ఎర్ర నేలల్లో బలమంతా పైన జానెడు మట్టిలోనే, ఎండ వేడికి ఆకూ అలమూ తొందరగా కుళ్లి ఖర్చయిపోతాయి, పైగా మన వాన సన్నగా పడదు కదా, ఒక్కసారిగా కుమ్మేస్తుంది. జీడి కింద రాలిన ఆకులు ఆ దెబ్బ కాసేవి. ఇప్పుడు చినుకు నేరుగా నేలని కొట్టి గడ్డల్ని పొడి చేస్తుంది, ఆ పొడి సందుల్ని మూసేస్తే నీరు ఇంకక పైనుంచే పరిగెడుతుంది, ట్రాక్టర్ చాళ్లు పైనుంచి కిందకి ఉంటే ఇంక కాలవ తవ్వి ఇచ్చినట్టే.

నమ్మకం లేకపోతే ఒక పని చేయండి. గట్టు మీద పాత చెట్టేదైనా మిగిలుంటే దాని కింద మట్టిగడ్డ ఒకటి, పొలంలోది ఒకటి ఆరబెట్టి రెండు గాజు గ్లాసుల నీళ్లలో మెల్లగా వదలండి. పొలం గడ్డ గబగబా విడిపోయి నీళ్లు ఎర్రబడిపోతాయి, చెట్టు కిందది చాలాసేపు నిలబడుతుంది. ఆ తేడా యూరియా బస్తాతో రాదు.

నీలగిరి మాత్రం నేనైతే వెయ్యను. చెట్టున్నంత మాత్రాన మట్టి ఆగదు, కింద ఆకులు ఊడ్చి పొయ్యిలోకి తీసుకుపోతే నేల బోసిగానే ఉంటుంది. జీడే మళ్లీ పెట్టండి, మొక్కలు ఎదిగేవరకు మధ్యలో చోడి (రాగి), కంది వేసుకోండి, కోశాక ఉలవ చల్లండి, దుబ్బులు తగలబెట్టొద్దు దయచేసి. తేలిన రాళ్లనే వాలుకి అడ్డంగా పేర్చి, పక్కనే వట్టివేరు నాటండి.

అడ్డం గీత ఎలా తెలుస్తుందంటారా, రెండు సమానమైన కర్రల్ని పైన కలిపి, మధ్యలో ఇంకో కర్ర అడ్డంగా కట్టి, పైనుంచి రాయి కట్టిన నూలు వేలాడదీయండి. ముందు చదునైన గచ్చు మీద పెట్టి నూలు ఆగినచోట అడ్డకర్ర మీద గుర్తు పెట్టుకోండి. పొలంలో నూలు ఆ గుర్తు మీదకి వచ్చిందంటే రెండు కాళ్లూ ఒకే మట్టంలో ఉన్నట్టు, అక్కడో పుల్ల పాతి ముందుకి జరగండి.