కవర్ల జోలికి పోకు

అమ్మాయీ,

హిండ్‌మార్ష్ దీవి మీద నీ వ్యాసం చదివాను. మొదటి పేజీ బాగుంది. ఆ తర్వాత 'కవర్లలో ఏముందంటే' అని ఊహలు అల్లుకుంటూ పోయావే, అక్కడ ఒళ్లు మండింది.

దక్షిణ ఆస్ట్రేలియాలో గూల్వా నుంచి ఆ దీవికి వంతెన వేస్తామంటే, అది ఆడవాళ్ల పవిత్ర స్థలమని అక్కడి ఆదివాసులైన న్గారిన్‌జెరి స్త్రీలు కొందరు అడ్డుపడ్డారు. వాళ్లు చెప్పింది 1994లో మానవశాస్త్రవేత్త డీన్ ఫెర్గీ రాసి, ఆడవాళ్లే చదవాలని కవర్లలో పెట్టి సీలు వేసింది. మంత్రి రాబర్ట్ టిక్నర్ వాటిని తాను చదవకుండానే వంతెనపై 25 ఏళ్ల నిషేధం పెట్టాడు. 1995లో ఫెడరల్ కోర్టు దాన్ని కొట్టేసింది. మంత్రి స్వయంగా పరిశీలించి తీరాలట! రహస్యం కాపాడితే చట్టం ఒప్పుకోదు, బయటపెడితే ఆచారం ఒప్పుకోదు. నీ వ్యాసానికి ప్రాణం ఇక్కడుంటే, నువ్వు కవరు చింపడానికి తయారయ్యావు.

తవ్వకాలు ఆ రహస్యాన్ని తేలుస్తాయన్నావు. ఎలా తేలుస్తాయి? గుల్లల దిబ్బనే తీసుకో. తిని పారేసిన గుల్లలు చాలావరకు ఒకే సైజువి, పెద్దవి. వాటి మధ్య బొగ్గు, కాలిన రాళ్లు దొరుకుతాయి. అల కొట్టుకొచ్చిన పోగులో పిల్ల గుల్లలూ ఉంటాయి, అంచులు అరిగి ఉంటాయి. వయసు తేల్చే కార్బన్ పరీక్షలో సముద్రపు గుల్ల దాదాపు 400 ఏళ్లు ముసలిదిగా కనబడుతుంది, ఆ తేడా సరిచేయాలి. పొరకొక్క బొగ్గు ముక్క కూడా పరీక్షిస్తే మేలు. ఇంత చేసినా తెలిసేది ఎవరో ఎప్పుడో అక్కడ తిన్నారనే. నీటికీ నేలకీ ఉన్న పవిత్రత జల్లెడలో మిగలదు. వస్తువు దొరకలేదు కాబట్టి నమ్మకం లేదనడం తప్పుడు లెక్క.

ప్రభుత్వం వేసిన విచారణ సంఘం, రాయల్ కమిషన్, 1995లో ఆ స్త్రీల మాటను 'కల్పన' అందని రాసి ఆపేశావు. 2001లో ఫెడరల్ కోర్టు జడ్జి జస్టిస్ వాన్ డౌసా, కల్పన అని తాను నమ్మలేనన్నాడు. అప్పటికే వంతెన కట్టేశారు. ఆ తీర్పు పెడితే 'చప్పగా ఉంది' అనే సంపాదకులున్నారు, వాళ్లకి 'బండారం బయటపడింది' అన్న శీర్షికే ముద్దు. వాళ్ల మాట వినకు. అలాంటి ఆచారం మాకు తెలియదన్న న్గారిన్‌జెరి స్త్రీలూ ఉన్నారు, వాళ్ల వాదన కూడా నాలుగు వాక్యాలకు తగ్గకుండా పెట్టు.

పటంలో పవిత్ర స్థలాలంటూ నువ్వు గుర్తు పెట్టిన చుక్కలు తీసెయ్. దీవి పేరు చాలు, అది అందరికీ తెలిసిందే. ఏ పత్రికకు పంపాలన్న సంగతి తర్వాత చూద్దాం, ముందు రెండో భాగం తిరగరాసి పంపు.