పోర్టు పెద్దది చేస్తే బండికి బలం వస్తుందా?

ప్రశ్న: మాస్టారూ, నాది 2014 రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 బండి. స్నేహితుడి దగ్గర లోహాన్ని అరగదీసే డై గ్రైండర్ ఉంది. ఇంజిన్ పైభాగమైన హెడ్ విప్పి, అందులో గాలి వచ్చే, పొగ పోయే దారులైన పోర్టులు పెద్దవి చేసి, లోపల అద్దంలా పాలిష్ చేస్తే నాలుగైదు హార్స్‌పవర్ పెరుగుతుందని వీడియోల్లో చెబుతున్నారు. ఇంట్లో చేసుకోవచ్చా? - ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: చేసుకోవచ్చు తమ్ముడూ. పోర్టులు మాత్రం పెద్దవి చేయొద్దు, గాలి లోపలికి వచ్చే ఇన్‌లెట్‌కి అద్దం పాలిష్ అసలే వద్దు. నాలుగైదు హార్స్‌పవర్ ఆశ కూడా వదిలేయండి. కంపెనీ ఇచ్చిన క్యామ్ (వాల్వులు తెరిచే భాగం), కంపెనీ కార్బొరేటర్‌తో చేతి పనికి ఒక్క హార్స్‌పవర్ కలిసొచ్చినా అది మంచి పనే అంటాను నేను.

విజయవాడ ఆటోనగర్‌లో పనికి చేరిన కొత్తలో ఒక బుల్లెట్ హెడ్ పాడుచేశాను. ఇన్‌లెట్ పోర్టు అడుగు భాగాన్ని వెడల్పుగా, నున్నగా అరగదీశాను. వేలు పెట్టి చూస్తే ఎంతో బాగుంది. బండి ఎక్కితే తెలిసింది. పై స్పీడులో కాస్త ఊపిరి పీల్చుకునేది గానీ, బెంజి సర్కిల్ ట్రాఫిక్‌లో సెకండ్ గేరు వేసి యాక్సిలరేటర్ ఇస్తే దగ్గి ఆగిపోయేది. ఓనరు గారు వారం తిరక్కుండా వచ్చారు. అరిగిపోయిన లోహాన్ని వెనక్కి తేలేం కదా. కొత్త హెడ్ డబ్బు నా జీతంలోంచే కట్టాను. మీ చేతుల్లో ఆ పని జరగకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

కాలువ వెడల్పయిన చోట నీళ్ళు నెమ్మదిస్తాయి, బురద అడుగున పేరుకుంటుంది. పోర్టులోనూ ఇదే జరుగుతుంది. దారి అవసరానికి మించి వెడల్పయితే గాలి నెమ్మదిస్తుంది, దానితో వచ్చే పెట్రోలు తుంపర గోడలకు అంటుకుని చారలుగా కారుతుంది. మీ ఇంజిన్ 346 సీసీ, బోరు (సిలిండర్ వెడల్పు) 70 మి.మీ., స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 90 మి.మీ. కంపెనీ చెప్పిన 19.8 బీహెచ్‌పీ వచ్చేది 5250 ఆర్‌పీఎం దగ్గర. ఆ వేగంలో ఇన్‌లెట్ వాల్వ్ సెకనుకు దాదాపు 44 సార్లు తెరుచుకుంటుంది. పిస్టన్ కిందికి వెళ్ళి మళ్ళీ పైకి తిరిగాక కూడా కొంతసేపు గాలి తన ఊపుతో లోపలికి వస్తూనే ఉంటుంది. ఆ ఊపు వేగం నుంచి వచ్చేదే. పైగా మీరు రోజూ నడిపేది 5250లో కాదు, అందులో సగంలో. అక్కడ గాలి వేగం పోతే బండి జీవం పోయినట్టే.

మరి పని ఎక్కడుంది? వాల్వ్ మూసుకున్నప్పుడు ఆనే రింగు, అంటే వాల్వ్ సీటుకు దిగువన అర అంగుళం మేర. ఫ్యాక్టరీలో సీటును మెషీన్ మీద కోస్తారు, దాని కింద పోర్టు పోతపోసింది. రెండూ కలిసే చోట చాలా హెడ్‌లలో చిన్న మెట్టు మిగిలిపోతుంది. గోరుతో తడిమితే తగులుతుంది. ఆ మెట్టును తీసి వంపులో కలిపేయండి. పోత గీతలు, బుడిపెలు తీసేయండి. వాల్వ్ కాడ జారే గొట్టం, అంటే వాల్వ్ గైడ్ చుట్టూ ఉన్న దిమ్మ అంచులను గాలికి అడ్డురాకుండా సన్నం చేయండి, గైడ్‌ను మాత్రం కురచ చేయొద్దు. పోర్టు కిందికి తిరిగే లోపలి మలుపు దగ్గర అరగదీయకండి. నేను తప్పు చేసింది అక్కడే. పదునుగా ఉన్న అంచును ఎమరీతో గుండ్రం చేస్తే చాలు, లోతు పెంచొద్దు. వేగంగా వచ్చే గాలి ఆ మలుపు తిరగలేక గోడను వదిలేస్తే, ఎంత పెద్ద రంధ్రం ఉన్నా సగమే పనిచేస్తుంది.

అల్యూమినియానికి పళ్ళు దూరంగా ఉండే బర్ర్ (గ్రైండర్‌కు తగిలించే అరగదీసే ముక్క) కొనండి. దగ్గర పళ్ళ బర్ర్‌లో లోహం ఇరుక్కుపోతుంది. మధ్యమధ్య కొవ్వొత్తి మైనం రాస్తుంటే అంటుకోదు. పాత వాల్వ్ ఒకటి సీటులో కూర్చోబెట్టి పోర్టు వైపు నుంచి మొదలుపెట్టండి. సీటు మీద బర్ర్ ఒక్కసారి జారితే లేత్ షాపుకే వెళ్ళాలి. ఒక్కచోట ఆపి ఉంచకండి. కళ్ళద్దాలు, మాస్క్ లేకుండా గ్రైండర్ ఆన్ చేయకండి, ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. చివర ఇన్‌లెట్‌కి 80 నంబరు ఎమరీ చాలు. ఆ కొద్దిపాటి గరుకు వల్ల పెట్రోలు గోడకు పేరుకోకుండా మళ్ళీ గాలిలో కలుస్తుంది. ఎగ్జాస్ట్ పోర్టు మీకిష్టమైనంత నున్నగా చేసుకోండి, మసి తక్కువ పడుతుంది.

తర్వాత వేడి సబ్బునీళ్ళతో కడిగి, ఆయిల్ దారులన్నిట్లో గాలి కొట్టండి. ఒక్క రవ్వ మిగిలినా ఇంజిన్ లోపలికే చేరుతుంది. గ్రైండింగ్ పేస్టుతో వాల్వులు కూర్చోబెట్టి, పేస్టు మొత్తం తుడిచేసి, పోర్టులో పెట్రోలు పోసి చూడండి. పెట్రోలు మండే ఛాంబర్ వైపు చెమ్మ కనిపిస్తే మళ్ళీ చేయాలి. కొత్త హెడ్ గాస్కెట్ వేసి, బోల్టులు టార్క్ రెంచ్‌తోనే బిగించండి. బండి నడిపాక ప్లగ్ తీసి చూడండి. తెల్లగా ఉంటే మిశ్రమంలో పెట్రోలు తగ్గింది, కార్బొరేటర్‌లో పెట్రోలు వచ్చే మెయిన్ జెట్ ఒక సైజు పెంచాలి.

ప్రశ్న: గురువు గారూ, మా నాన్నగారి యమహా ఆర్‌ఎక్స్ 100 ఉంది. దాని హెడ్‌కు కూడా పోర్టింగ్ చేయించవచ్చా? - ఒక పాఠకురాలు, రాజమండ్రి

జవాబు: అది టూ స్ట్రోక్ అమ్మా, దాని హెడ్‌లో పోర్టులే లేవు. అవి బ్యారెల్ (పిస్టన్ కదిలే సిలిండర్) గోడలో ఉంటాయి, వాటిలో ఎగ్జాస్ట్ పోర్టును తెరిచేదీ మూసేదీ పిస్టనే. అందుకే అక్కడ పోర్టు ఎత్తు ఒక్క మిల్లీమీటరు మారినా ఇంజిన్ టైమింగే మారిపోతుంది. ఆ బండి తయారీ 1996లో ఆగిపోయింది, మంచి ఒరిజినల్ బ్యారెల్ దొరకడం కష్టం. నాన్నగారి బ్యారెల్ మీద గ్రైండర్ పెట్టనివ్వకండి. ఎగ్జాస్ట్ పోర్టులో, సైలెన్సర్ లోపల గట్టిపడిన మసి తీయించండి, పిస్టన్ రింగులు చూపించండి. చాలా బండ్లలో తగ్గిందనుకున్న బలం ఆ మసి కిందే ఉంటుంది.