దొంగ కొడుకు దొంగే అవ్వాలా?

ప్రశ్న: నమస్తే అండి, మాది రాజోలు దగ్గర. ఓ క్రైమ్ నవల మొదలెట్టాను. హీరోకి పదహారేళ్ళు, వాళ్ళ నాన్న రాత్రిళ్ళు ఇళ్ళు దోచేవాడు, ఓ ఇంట్లో ముసలావిడని చంపేసి రాజమండ్రి సెంట్రల్ జైల్లో ఉన్నాడు. ఇప్పుడు ఊళ్ళో అచ్చం అలాంటి హత్యే ఇంకోటి. నాన్న ప్రభావం కుర్రాడి మీద ఎలా చూపించాలి? రక్తంలోనే ఉందని ఊరంతా అన్నట్టు రాస్తే మా ఫ్రెండ్ సీరియల్‌లా ఉందన్నాడు.

జవాబు: మీ ఫ్రెండ్ కరెక్టేనండి. రక్తం గొడవ వదిలేయండి, ఆ తండ్రి వాడికి ఏం నేర్పాడో అది రాయండి. గుమ్మం ముందు చెప్పులు చూసి లోపల ఎంతమంది ఉన్నారో చెప్పడం, టార్చి లేకుండా కాలవగట్టు మీద నడవడం, అంతర్వేది తీర్థంలో రథం కదిలేటప్పుడు జనమంతా అటు చూస్తుంటే వీడు మాత్రం జనం చేతులు చూడటం, పోలీసులొస్తే నాన్న ఊళ్ళో లేడని తడుముకోకుండా చెప్పడం, ఇవన్నీ వాడికి ఆటల్లా వచ్చినవే, పైగా బాగా చేస్తే నాన్న బజ్జీలు కొనిపెట్టేవాడు. అసలు చిక్కు అక్కడుంది. వాడికి ఆ నాన్నంటే ఇష్టం. మనోళ్ళు చాలామంది తండ్రిని తాగొచ్చి కొట్టే రాక్షసుడిగా రాసేస్తారు, అలాంటోణ్ణి అసహ్యించుకోవడం ఎవరికైనా తేలికే కదా.

ఇప్పుడు కొత్త హత్య జరిగిన ఇంట్లోకి వాడు వెళ్ళగానే దొంగ ఎటు నుంచి వచ్చాడో పోలీసుల కంటే ముందు వాడికే తెలిసిపోవాలి, తెలిసినందుకే అనుమానం వాడి మీదకి రావాలి.

వయసు దగ్గర జాగ్రత్త. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం 16 నిండి 18 లోపు వాళ్ళ మీద హత్య లాంటి ఘోరమైన నేరం పడితే, చేసిన పని పర్యవసానం వాడికి అర్థమయ్యే స్థితి ఉందా అని జువెనైల్ జస్టిస్ బోర్డు (పిల్లల కేసులు చూసేది) చూస్తుంది, దాన్ని బట్టి పెద్దవాళ్ళలా విచారించొచ్చు. తండ్రి పెంపకమే అక్కడ వాడి మెడకి చుట్టుకుంటుంది చూడండి, అన్నీ తెలిసిన ఇంట్లో పెరిగాడు కదా అంటారు. అదే 15 అని రాస్తే ఈ టెన్షనే ఉండదు. అన్నట్టు వాణ్ణి జైల్లో పెట్టించకండి, అబ్జర్వేషన్ హోమ్‌కో ప్లేస్ ఆఫ్ సేఫ్టీకో (ఇలాంటి పిల్లల్ని ఉంచే చోట్లు) పంపుతారు.

ములాఖత్ సీన్ ఒకటి తప్పకుండా పెట్టండి, రావులపాలెం మీదుగా బస్సులో వెళ్ళి నాన్నని సలహా అడగాలి వాడు, అడిగాక ఆ సలహా పనిచెయ్యాలి కూడా. చివర్లో వాడికి ఎస్సై ఉద్యోగం వచ్చినట్టు మాత్రం రాయకండి బాబూ.