"మళ్ళీ ఇదేనా?" అంటున్నారు, రాత్రి వంట ఎలా మార్చాలి?

ప్రశ్న: మేము కూకట్‌పల్లిలో ఉంటాము. నేను ఒక బీమా కార్యాలయంలో ఉద్యోగం చేస్తున్నాను. నా పుట్టిల్లు కరీంనగర్ దగ్గర పల్లె, అత్తిల్లు గుంటూరు. ఇంట్లో మావారు, 12 ఏళ్ళ పాప, 8 ఏళ్ళ బాబు, షుగర్ ఉన్న మా అత్తగారు ఉంటారు. ఏడు దాటాక ఇల్లు చేరతాను. అన్నం, టమాటా పప్పు లేదా సాంబారు, ఒక వేపుడు, పెరుగు: సోమవారం నుంచి శుక్రవారం దాకా ఇదే. పాప కంచం చూసి "మళ్ళీ ఇదేనా?" అంటుంది. బాబు ఆలుగడ్డ, గుడ్డు తప్ప ముట్టడు. మావారు ఏమీ అనకుండా ఫోను తీసి బయటి నుంచి తెప్పిస్తారు. పోయిన నెలలో మాత్రం "అమ్మ వండే రోజుల్లో ఇలా ఉండేది కాదు" అన్నారు. ఆ రాత్రి వంటింట్లో నిలబడి ఏడ్చాను. వీడియోలు చూసి కొత్త వంటలు చేశాను, ఎవరూ సరిగా తినలేదు. మా అమ్మ వచ్చినప్పుడు సర్వపిండి చేస్తే పిల్లలు ఇష్టంగా తిన్నారు. కానీ అత్తగారు "మాకిది అలవాటు లేదమ్మా" అన్నారు. ఆ తరువాత నేను మళ్ళీ చేయలేదు. తేలికగా అయ్యే వంటల జాబితా ఇస్తారా? ఉద్యోగం మానేస్తే ఈ సమస్య తీరుతుందా?

జవాబు: మీరు వంటల జాబితా అడిగారు, కొన్ని వంటలు తప్పకుండా చెబుతాను. అయితే మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది వంటల కొరత కంటే మరొకటి. మీ ఇంట్లో ఐదుగురు తింటారు, నలుగురు తీర్పు చెబుతారు, ఏం వండాలన్న నిర్ణయం మాత్రం ఒక్కరే చేస్తున్నారు. ఆ నిర్ణయం కూడా రోజంతా పనిచేసి, ట్రాఫిక్‌లో ప్రయాణించి, ఆకలితో ఉన్న పిల్లల ముందు ఏడున్నరకు నిలబడి చేయవలసి వస్తోంది. అటువంటి వేళలో ఎవరి చేతికైనా అలవాటైన కందిపప్పు, టమాటాలే అందుతాయి. ఇందులో మీ చేతకానితనం ఏమీ లేదని ముందుగా స్పష్టంగా చెప్పాలనుకుంటున్నాను.

ఇది మీ ఒక్క ఇంటి పరిస్థితి కూడా కాదు. కేంద్ర గణాంక శాఖ 2024లో జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపని చేసేవారిలో స్త్రీలు రోజుకు సగటున 289 నిమిషాలు, పురుషులు 88 నిమిషాలు ఆ పని మీద గడుపుతున్నారు. కార్యాలయంలో కూర్చుని "ఈ రాత్రికి ఏం చేయాలి, ఇంట్లో కూరగాయలు ఏమున్నాయి" అని మీరు పడే ఆలోచనను ఇలాంటి లెక్కలు సరిగా పట్టుకోలేవు. మీ అలసటలో పెద్ద భాగం ఆ ఆలోచనదే. కాబట్టి మొదట మార్చవలసినది ఆ నిర్ణయం జరిగే వేళను, దానిని చేసే మనుషులను.

ఆదివారం ఉదయం ఫలహారం అయ్యాక అందరూ కలిసి కూర్చుని రాబోయే ఐదు రాత్రుల వంట నిర్ణయించండి. దీనికి అరగంట చాలు. ఆ కాగితాన్ని ఫ్రిజ్ తలుపు మీద అంటించండి. ప్రతి ఒక్కరూ ఒక రాత్రిని ఎంచుకోవాలి, ఆ రాత్రి వంట గురించి మిగిలినవారు కంచం ముందు ఫిర్యాదు చేయకూడదు. ఫిర్యాదులన్నీ వచ్చే ఆదివారం చెప్పుకోవచ్చు. పాప తాను ఎంచుకున్న రాత్రి తమ్ముడు ముఖం చిట్లిస్తే తనకెలా ఉంటుందో తెలుసుకుంటుంది. దానిని ఎవరూ ఆమెకు ఎత్తి చూపవలసిన పని లేదు.

ఈ మాట మీవారితో భోజనాల వేళ ఎత్తకండి, ఆయన ఫోను తీసిన క్షణంలో అసలే వద్దు. తీరికగా ఉన్న సమయం చూసి, "ఏమండీ, రోజూ ఒకే వంట అవుతోందన్న మాట నిజమే. వండడం నాకు కష్టంగా లేదు, రోజూ ఏం వండాలో నేనొక్కదాన్నే ఆలోచించవలసి రావడం కష్టంగా ఉంది. వారానికి రెండు రాత్రులు ఆ బాధ్యత మీరు తీసుకోవాలి" అని చెప్పండి. పోయిన నెలలో ఆయన అన్న మాట మిమ్మల్ని ఎంత బాధపెట్టిందో కూడా చెప్పండి. ఆయనకు అది అప్పుడే మరచిపోయిన మాట అయి ఉండవచ్చు, మీకు అది నెల రోజులుగా వంటింట్లో వినిపిస్తూనే ఉంది. "సహాయం చేయండి" అని మాత్రం అడగవద్దు. సహాయం అన్నప్పుడు పని మీదిగానే మిగిలిపోతుంది. రెండు రాత్రులు ఆయనవి అంటే, ఏం వండాలి, సరుకులు ఉన్నాయా, ఎన్ని గంటలకు కంచాలు పెట్టాలి అన్నవన్నీ ఆయన చూసుకోవలసినవి. మొదట్లో కూర మాడవచ్చు, ఉప్పు ఎక్కువ కావచ్చు. అప్పుడు మీరు వెళ్ళి గరిటె అందుకోకండి.

ఇక వంటల సంగతి. వీడియోలలో చూసిన కొత్త వంటలను మీవాళ్ళు తినకపోవడంలో ఆశ్చర్యం లేదు, అలసిన రాత్రి ఎవరూ పూర్తిగా తెలియని రుచిని కోరుకోరు. కంచంలో చాలావరకు తెలిసినదే ఉండి ఒక్కటి మారితే చాలు. మీరు రోజూ చేసే పప్పునే తీసుకోండి. కందిపప్పుకు బదులు మెంతికూర వేసి పెసరపప్పు, ఆనపకాయతో శనగపప్పు, తోటకూరతోనో చుక్కకూరతోనో మైసూరు పప్పు, వేసవి మొదలయ్యే రోజుల్లో చింతచిగురు పప్పు, ఆ వెంటనే మామిడికాయ పప్పు, మరొకరోజు దోసకాయ పప్పు. చేసే పద్ధతి ఒకటే, కుక్కర్ ఒకటే, పట్టే సమయమూ దాదాపు ఒకటే. రైతు బజారుకు వెళ్ళినప్పుడు ఏ కాలంలో ఏది చవకగా, కుప్పలుగా ఉందో అది తెచ్చుకుంటే చాలు, వానాకాలంలో బోడకాకర, చలికాలంలో చిక్కుడు, అనపగింజలు మీ వంటను వాటంతట అవే మారుస్తాయి.

విడిగా పప్పు వండని రాత్రి కూడా ఒకటి ఉండాలి. పెసరపప్పుతో కుక్కర్‌లో కిచిడి పెట్టి, అది ఉడికేలోగా పచ్చి పులుసు చేయండి. చింతపండు రసంలో సన్నగా తరిగిన ఉల్లిగడ్డ, మంట మీద కాల్చిన మిరపకాయలు, జీలకర్ర, కొత్తిమీర, కొంచెం బెల్లం వేసి పోపు పెడితే సరిపోతుంది, మరిగించే పని లేదు. మీ పుట్టింట్లో చూసిన వంటే కనుక నేను కొత్తగా నేర్పేది ఏమీ లేదు. అరగంటలో భోజనం సిద్ధమవుతుంది, పక్కన రెండు అప్పడాలు ఉంటే పిల్లలకు అది ప్రత్యేకమైన రాత్రి. మరొక రాత్రికి ఉదయం వెళ్ళేముందు పెసలు నానబెట్టండి, ఎండాకాలమైతే ఆ గిన్నెను ఫ్రిజ్‌లో ఉంచండి. సాయంత్రం అల్లం, పచ్చిమిర్చితో రుబ్బుకుంటే పెసరట్లు. పెసరట్టు ఉదయమే తినాలన్న నియమమేదీ లేదు. ఇంకొక రాత్రి కోడిగుడ్డు పులుసు పెట్టండి. గుడ్డు ఉంది కాబట్టి బాబు ఎలాగూ తింటాడు, ఆ పులుసులోనే రెండు మునగకాయ ముక్కలు కూడా ఉంటాయి.

రోటి పచ్చడిని మన ఇళ్ళలో మరచిపోతున్నామేమోనని నాకు నిజంగా దిగులుగా ఉంటుంది. వేపుడు దగ్గర ఇరవై నిమిషాలు నిలబడే బదులు, దొండకాయలో బీరకాయలో కాసేపు మగ్గబెట్టి మిక్సీలో పచ్చడి చేస్తే నూనె తగ్గుతుంది, కంచంలో రుచి మారుతుంది. బీరకాయ తొక్కుతో కూడా పచ్చడి అవుతుంది కదా. ఆదివారం రోజు వేరుశనగలు, నువ్వులు వేయించి పొడి కొట్టి ఉంచుకుంటే, ఆ పొడి వారమంతా కూరల్లోకి, పచ్చళ్ళలోకి పనికివస్తుంది.

ఇప్పుడు మీ ఉత్తరంలో మీరు ఒక్క వాక్యంలో చెప్పి దాటిపోయిన విషయానికి వస్తాను. మీరు కరీంనగర్ ప్రాంతపు అమ్మాయి. మీరు రాసిన ఐదు రాత్రుల వంటలో మీ పుట్టింటి వంట ఒక్కటి కూడా లేదు. "మాకిది అలవాటు లేదమ్మా" అన్న ఒక్క మాటతో సర్వపిండి ఆగిపోయింది, బహుశా జొన్న రొట్టె, పచ్చి పులుసు కూడా దానితోపాటే ఆగి ఉంటాయి. మీ పిల్లలు సగం కరీంనగర్ వారు, ఆ రుచి వారికి అందవలసినదే. మీరు వైవిధ్యం కోసం ఎక్కడెక్కడో వెతుకుతున్నారు కానీ, రెండు ప్రాంతాల వంటలు తెలిసిన స్త్రీ మీ ఇంట్లోనే ఉన్నారు, ఆమె మీరే.

అత్తగారి మాటలో తిరస్కారమే ఉందని ముందే అనుకోకండి. సర్వపిండి అంచులు కరకరలాడుతూ గట్టిగా ఉంటాయి, మధ్యలో వేరుశనగలు, శనగపప్పు తగులుతాయి. పెద్ద వయసులో పళ్ళు సహకరించక ఆ మాట అని ఉండవచ్చు. నేరుగా అడగండి: "అత్తయ్యగారూ, ఈసారి మీకోసం మెత్తగా చేస్తాను, రుచి చూసి చెబుతారా?" దానితోపాటే, "మీరు చేసే గోంగూర పచ్చడి నాకు అలా కుదరడం లేదు, పక్కన కూర్చుని చెప్పండి" అని కూడా అడగండి. కొడుకు నోట "అమ్మ వండే రోజులు" అన్న మాట వినడం, ఇప్పుడు వండలేని ఆ తల్లికి కూడా సుఖంగా ఉండదు. ఆకుకూర గిల్లడం, చిక్కుళ్ళు ఒలవడం వంటి కూర్చుని చేసే పనులు ఆమెకు ఓపిక ఉంటే మధ్యాహ్నమే చేసి ఉంచగలరు. అయితే అది ఆమె ఇష్టంగా చేసే పనిగా ఉండాలి, విధిగా అప్పగించేది కాకూడదు.

ఆమెకు షుగర్ ఉన్నందున ఒక జాగ్రత్త చెప్పాలి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు, రోజు మొత్తం శక్తిలో తృణధాన్యాల వాటా 45 శాతాన్ని మించకుండా చూసుకోవాలని, కంచంలో సగభాగం కూరగాయలు, పండ్లు ఉండాలని చెబుతున్నాయి. మన రాత్రి భోజనంలో సాధారణంగా అన్నం సగానికి మించే ఉంటుంది. జొన్న రొట్టె మంచిదే కానీ అదీ పిండి పదార్థమే, అన్నం మానేశాం కదా అని లెక్క లేకుండా తినేది కాదు. అందరికీ కూర పెంచి అన్నం తగ్గిస్తే ఆమెకు వేరుగా వండే శ్రమ కూడా తప్పుతుంది. ఆమె మాత్రలో, ఇన్సులినో వాడుతుంటే భోజనం వేళను, అన్నం పరిమాణాన్ని మార్చేముందు డాక్టరును అడగండి.

బాబు గురించి ఎక్కువ ఆందోళన పడకండి. పిల్లల భోజనం విషయంలో అమెరికా పోషకాహార నిపుణురాలు ఎలిన్ శాటర్ చెప్పిన పద్ధతి నాకు చాలా కుటుంబాలలో ఉపయోగపడింది: ఏం పెట్టాలి, ఎప్పుడు, ఎక్కడ పెట్టాలి అన్నది పెద్దల పని, అందులో ఏది, ఎంత తినాలి అన్నది పిల్లల పని. కంచంలో వాడు తినేది ఒకటి ఎప్పుడూ ఉంచండి, కొత్త కూర ఒక చెంచా పెట్టండి, ముట్టకపోతే మారు మాట్లాడకుండా తీసేయండి. ఒక కొత్త రుచి పిల్లలకు నచ్చడానికి ఎనిమిది నుంచి పదిహేను సార్లు దానిని చూడవలసి, రుచి చూడవలసి రావచ్చు. చాలామంది తల్లులు మూడోసారికే ఆశ వదులుకుంటారు. బతిమాలడం, టీవీ పెట్టి తినిపించడం, "ఇది తింటే చాక్లెట్" అనడం, ఈ మూడూ మానేయండి.

బయటి నుంచి తెప్పించుకోవడాన్ని పూర్తిగా ఆపవలసిన అవసరం లేదు. ఆదివారం కాగితంలోనే దానికీ ఒక రాత్రి రాసుకోండి. ముందుగా అందరూ అనుకుని తెప్పించుకున్న భోజనం మిమ్మల్ని బాధించదు. మీరు వండినదాన్ని పక్కనపెట్టి తెప్పించినదే బాధిస్తుంది. ఆ తేడా మీవారికి చెప్పవలసిన విషయాల్లో ముఖ్యమైనది.

మీ ఏడుపు ఆ ఒక్క రాత్రితో ఆగకుండా, నిద్ర పట్టకపోవడం, దేనిమీదా మనసు లేకపోవడం రెండు వారాలకు మించి ఉంటే, దానిని వంట సమస్యగా భావించి ఊరుకోకుండా వైద్యులను కలవండి. కేంద్ర ప్రభుత్వపు టెలి మానస్ సేవకు 14416 నంబరులో ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఉద్యోగం మానేయడం గురించి నా అభిప్రాయం సూటిగా చెబుతాను: ఈ కారణంతో మానకండి. మీరు ఇంట్లోనే ఉంటే, ఇప్పుడు రాత్రికి మాత్రమే ఉన్న ఈ ఒంటరి నిర్ణయం మూడు పూటలకూ మీ మీదనే పడుతుంది, "రోజంతా ఇంట్లోనే ఉంటావు కదా" అన్న మాట కూడా దానికి తోడవుతుంది. ఆదివారపు ఏర్పాటును రెండు నెలలపాటు విడవకుండా నడిపి చూడండి. మీవారు తన రెండు రాత్రుల బాధ్యతను అప్పటికీ తీసుకోకపోతే మీరిద్దరూ కలిసి ఒక కుటుంబ సలహాదారును కలవండి, ఒక్కరే వెళ్ళవద్దు.