పాత నడుం దెబ్బకు డిసేబిలిటీ పెన్షన్: మాజీ సైనికుల ప్రశ్నలకు జవాబులు

ఈ నెల గోదావరి జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ నడుం గురించే. తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని మిలటరీ మాధవరం అంటారు. రెండు ప్రపంచ యుద్ధాల నాటి నుంచీ సైన్యానికి మనుషుల్ని పంపిన ఊరది. అలాంటి ఊళ్లున్న డెల్టాలో కూడా డిసేబిలిటీ పెన్షన్ గురించి సగం సమాచారమే తిరుగుతోంది. అందుకే ఈసారి పేజీ మొత్తం దీనికే. రాసినవారి పేర్లు ఇవ్వడం లేదు.

ప్రశ్న: 1994లో ఆర్టిలరీలో చేరి బోఫోర్స్ గన్ మీద పనిచేశాను. కార్గిల్ సెక్టార్‌లో రెండేళ్లున్నాను. 2006లో పీస్ స్టేషన్‌లో, అంటే సరిహద్దుకు దూరంగా ఉండే మామూలు స్థావరంలో, ఉండగా నడుం పట్టేసింది. నడుం కింది భాగంలో ఎల్4-ఎల్5 డిస్క్ జారిందని లో మెడికల్ కేటగిరీలో, అంటే ఆరోగ్యం తగ్గినవారి వర్గంలో, పెట్టారు. 2011లో హవల్దార్‌గా బయటికొచ్చాను. సర్వీసు నుంచి పంపేటప్పుడు చూసే రిలీజ్ మెడికల్ బోర్డు వైకల్యం 20 శాతం, జీవితాంతం అని రాసింది కానీ, సర్వీసు వల్ల వచ్చింది కాదు, సర్వీసులో పెరిగిందీ కాదు అంది. పీస్ స్టేషన్‌లో మొదలైందనేది కారణం. క్లెయిమ్ కొట్టేశారు. నేను అప్పీలు చేయలేదు. ఇన్నేళ్ల తర్వాత ఏమైనా చేయొచ్చాండి? (రాజోలు)

జవాబు: చేయొచ్చండి. సర్వీసు పూర్తిచేసుకుని వచ్చినవారికి డిసేబిలిటీ ఎలిమెంట్, అంటే మామూలు పెన్షన్‌తో పాటు వైకల్యానికి ఇచ్చే భాగం, రావాలంటే రెండు ఉండాలి: కనీసం 20 శాతం వైకల్యం, ఆ వైకల్యానికి సర్వీసుతో సంబంధం. మొదటిది మీ బోర్డే రాసిచ్చింది. గొడవంతా రెండోదాని మీద. చాలామంది ఇక్కడే దారి తప్పుతారు: ఈ మధ్య తీయించిన ఎమ్మారై, కాకినాడలో వాడుతున్న మందుల చీటీలు జతచేసి పంపుతారు. అవి ఈరోజు నొప్పి ఎంతుందో చెబుతాయి. 2006లో ఎందుకు మొదలైందో చెప్పవు.

కాబట్టి అప్పీలు రాయడానికి ముందు కాగితాలు తెప్పించుకోండి. మీవి నాసిక్ రోడ్ క్యాంప్‌లోని ఆర్టిలరీ రికార్డ్స్‌లో ఉంటాయి. సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల పోస్టల్ ఆర్డర్‌తో, డిశ్చార్జ్ బుక్, ఆధార్ నకళ్లు జతచేసి స్పీడ్ పోస్టులో పంపండి. ‘నా మెడికల్ కాగితాలు ఇవ్వండి’ అని ఒక్క ముక్క రాస్తే రెండు పేజీలొచ్చి ఆగిపోతుంది. విడివిడిగా అడగాలి: చేరినప్పటి వైద్య పరీక్ష పత్రం, కేటగిరీ మార్చిన ప్రతి బోర్డు పత్రం, అంటే ఏఎఫ్‌ఎంఎస్‌ఎఫ్-15, రిలీజ్ మెడికల్ బోర్డు పూర్తి ప్రొసీడింగ్స్, అంటే ఏఎఫ్‌ఎంఎస్‌ఎఫ్-16, ఆసుపత్రిలో చేరిన, డిశ్చార్జ్ అయిన పత్రాలు, ఏ యూనిట్‌లో, ఏ ప్రాంతంలో ఎన్నాళ్లున్నారో చూపే పోస్టింగ్ వివరాలు, క్లెయిమ్ తిరస్కరించిన లేఖ. ఏదైనా ధ్వంసం చేసి ఉంటే ఆ ధ్వంసం చేసిన రికార్డు నకలు కూడా అడగండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే, లేదా సగమే వస్తే, తర్వాతి 30 రోజుల్లో అదే చట్టం కింద మొదటి అప్పీలు వేయాలి. పెన్షన్ లేకుండా బయటికొచ్చినవారి కాగితాలను 25 ఏళ్ల తర్వాత తీసేస్తారు; మీరు పెన్షనర్ కాబట్టి ఆ భయం తక్కువే. పెన్షన్ లేనివారు మాత్రం ఈ పని రేపటికి వాయిదా వేయకూడదు.

కాగితాలొచ్చాక ఏఎఫ్‌ఎంఎస్‌ఎఫ్-16లో బోర్డు అభిప్రాయం రాసిన భాగం తీయండి. మీ అప్పీలు మొత్తం అక్కడున్న ఒకటి రెండు వాక్యాలకు జవాబుగా ఉండాలి. పిల్లల పెళ్లిళ్లు, అప్పులు, ఇంటి పరిస్థితి అందులో రాయకండి. కష్టం నిజమే కావచ్చు, కానీ అప్పీలు చూసే కమిటీ తేల్చాల్సిన ప్రశ్న అది కాదు.

మీ విషయంలో వాదన ఇలా నడవాలి. 1994లో చేరినప్పుడు వైద్య పరీక్షలో నడుం గురించి ఏ లోపమూ రాయలేదు. అలా రాయనప్పుడు మనిషి ఆరోగ్యంగానే చేరాడని భావించాలనీ, తర్వాత వచ్చిన జబ్బుకు సర్వీసుతో సంబంధం లేదని చూపే భారం సైన్యం మీదే ఉంటుందనీ, అనుమానం ఉంటే ఆ మేలు సైనికుడికే పోవాలనీ సుప్రీంకోర్టు 2013 జులై 2న ధరమ్‌వీర్ సింగ్ కేసులో చెప్పింది. చేరేటప్పుడు ఆ జబ్బును కనిపెట్టడం సాధ్యం కాదని బోర్డు అనుకుంటే, అందుకు కారణాలు రాయాలి. ‘పీస్ స్టేషన్‌లో మొదలైంది’ అన్నది నొప్పి బయటపడిన చోటును చెబుతుంది, అంతే. డిస్క్ ఒక్కరోజులో జారే జబ్బు కాదు. 155 మిల్లీమీటర్ల గుండు ఒక్కోటి సుమారు 43 కిలోలు. దాన్ని వంగి ఎత్తి నడుం తిప్పి అందించే పని ఏళ్ల తరబడి చేసినవాడి వెన్నుకు ఏమవుతుందో పోస్టింగ్ వివరాలను, గన్ మీద చేసిన డ్యూటీని పక్కపక్కన పెట్టి చూపండి. ఎత్తు ప్రాంతంలో ఉన్న నెలలు తేదీలతో రాయండి. ఆ తర్వాత రెండో మెట్టుగా, కేటగిరీ తగ్గించాక కూడా బరువు పనిలోనే ఉంచి ఉంటే, కనీసం సర్వీసులో పెరిగిందన్న అంశమైనా ఒప్పుకోవాలని అడగండి. ‘సర్వీసు వల్ల వచ్చింది’, ‘సర్వీసులో పెరిగింది’ ఈ రెండింటిలో ఏది నిలబడినా పెన్షన్ వస్తుంది. చాలామంది మొదటిదే పట్టుకుని రెండోది అడగడం మరిచిపోతారు.

గడువు మాట. తిరస్కరణ లేఖ అందిన ఆరు నెలల్లో మొదటి అప్పీలు, దాన్ని కొట్టేస్తే మరో ఆరు నెలల్లో రెండో అప్పీలు వేయాలి. మీకవి దాటిపోయాయి. అయినా ఆలస్యానికి కారణం నిజాయితీగా రాసి, రికార్డ్ ఆఫీసు ద్వారా మొదటి అప్పీలు పంపండి. గడువు దాటిందని తిప్పి పంపినా, ఆరు నెలలు ఉలుకూ పలుకూ లేకపోయినా, తర్వాతి మెట్టు ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్, అంటే సైనికుల కేసులు చూసే ప్రత్యేక న్యాయస్థానం. ఆంధ్రప్రదేశ్ వారికి అది చెన్నై బెంచి. అసలు దరఖాస్తుతో పాటు ఆలస్యాన్ని మన్నించమని వేరే దరఖాస్తు పెట్టాలి. పెన్షన్ నెలనెలా రావాల్సింది కాబట్టి ఆలస్యమొక్కదానితో తలుపు మూసుకుపోదు. అయితే 2008లో తర్సేమ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఒక హద్దు పెట్టింది: ఆలస్యంగా వస్తే బకాయిలు కేసు వేసిన తేదీకి వెనక మూడేళ్లకే. 2011 నుంచి మొత్తం వస్తుందని ఎవరైనా ఆశపెడితే నమ్మకండి. మీరు ఆలస్యం చేసే ప్రతి నెలా వెనక ఒక నెల బకాయి పోతున్నట్టే.

ప్రశ్న: యూనిట్‌లో వాలీబాల్ ఆడుతూ పడి నడుం విరిగినంత పనైంది. ఇంజురీ రిపోర్టు వేశారో లేదో తెలియదు. ఆటలో తగిలిన దెబ్బకు పెన్షన్ ఇవ్వరని మా ఊళ్లో అంటున్నారు. (పాలకొల్లు)

జవాబు: ఆ మాట తప్పు. యూనిట్ ఏర్పాటు చేసిన ఆటలు, పీటీ డ్యూటీ కిందికే వస్తాయి. మీకు కావాల్సింది ఐఏఎఫ్‌వై-2006 అనే ఇంజురీ రిపోర్టు. దెబ్బ డ్యూటీలో తగిలిందా లేదా అని కమాండింగ్ ఆఫీసర్ రాసేది అందులోనే. అది దొరక్కపోతే ఆ రోజుల్లో ఆసుపత్రిలో చేరిన పత్రం చూడండి; ఎలా తగిలిందో డాక్టరు మొదటి పేజీలోనే రాస్తారు. అదీ లేకపోతే అప్పుడు పక్కనున్న ఇద్దరి అఫిడవిట్లు, తేదీ, స్థలం, ఆట పేరుతో. అఫిడవిట్లు మాత్రమే ఉంటే కేసు బలహీనం, ఆసుపత్రి పత్రానికి తోడుగా ఉంటే బలం.

సెలవులో ఇంటి దగ్గర కొబ్బరిచెట్టు ఎక్కి పడినా, సొంత బండి మీద కాలవగట్టున జారిపడినా అది వేరే సంగతి. సెలవులో ఉన్నంత మాత్రాన డ్యూటీలో ఉన్నట్టు కాదని, దెబ్బకు సైనిక పనితో సంబంధం ఉండాలని 2011లో జుఝార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అలాంటి దెబ్బను డ్యూటీలో తగిలినట్టు రాయించడానికి ప్రయత్నించవద్దు. ఆసుపత్రి పత్రంలో అసలు సంగతి ఉంటుంది, దాంతో మీ మిగతా మాటల మీద కూడా నమ్మకం పోతుంది.

ప్రశ్న: మా నాన్నగారికి సదరం క్యాంపులో 45 శాతం ఇచ్చారు. ఆర్మీ బోర్డు 15 నుంచి 19 శాతమే అంది. సదరం సర్టిఫికెట్ పంపితే పెంచుతారా? (మండపేట)

జవాబు: పెంచరండి. సదరం శాతం రాష్ట్ర పెన్షన్, బస్సు, రైలు రాయితీల కోసం. సైన్యం శాతం వేరే కొలతతో, సైనిక మెడికల్ బోర్డు మాత్రమే ఇస్తుంది. దేని దారి దానిదే. మీ నాన్నగారు సర్వీసు పూర్తి చేసుకుని వచ్చి ఉంటే 20కి తగ్గిన శాతంతో డిసేబిలిటీ ఎలిమెంట్ రాదు కాబట్టి, అప్పీలులో శాతాన్నే ప్రశ్నించి తిరిగి మెడికల్ బోర్డు పెట్టమని కోరాలి. జబ్బు కారణంగా సర్వీసు మధ్యలోనే ఇన్‌వాలిడ్ చేసి పంపి ఉంటే మాత్రం కథ మారుతుంది: అలా పంపేశారంటే వైకల్యం 20 శాతం కంటే ఎక్కువేనని అనుకోవాలని 2014లో సుఖ్వీందర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. డిశ్చార్జ్ బుక్‌లో బయటికి పంపిన కారణం దగ్గర ఏం రాశారో ముందు చూడండి.

ప్రశ్న: మళ్లీ బోర్డుకు పిలిచారు. అక్కడ ఏం చూస్తారు? ఏం చెప్పాలి? (తణుకు)

జవాబు: వెల్లకిలా పడుకోబెట్టి మోకాలు వంచకుండా కాలు పైకెత్తుతారు. 30 నుంచి 70 డిగ్రీల మధ్య కాలి వెంట కిందికి నొప్పి పాకితే నరం నొక్కుకుందని అర్థం. నడుం దగ్గర మాత్రమే పట్టేస్తే దానికి అంత విలువ ఉండదు. బొటనవేలు పైకెత్తే బలం ఎల్5 నరానికి, మడమ దగ్గర సుత్తితో కొట్టినప్పుడు పాదం కదలడం ఎస్1 నరానికి గుర్తు. తర్వాత మాటల్లో పెట్టి, కూర్చున్నప్పుడు అదే కాలు చాపమంటారు. పడుకుని 30 డిగ్రీలకే కేకపెట్టి, కూర్చుని హాయిగా చాపితే డాక్టరు అది రాసుకుంటారు. ఉన్నదానికి ఒక్క పిసరు కూడా కలపకండి.

చెప్పేదేదైనా కొలతలో చెప్పండి. ‘చాలా నొప్పి’ అంటే ఎవరూ రాసుకోరు. ఎన్ని నిమిషాలు కూర్చోగలరు, ఎంత దూరం నడిచాక ఆగాలి, కాలు ఏ వేలు దాకా తిమ్మిరెక్కుతుంది, నెలలో ఎన్నిసార్లు మంచం పడతారు, ఇవి రాసుకుని వెళ్లండి. అలవాటైన మందులు మానేసి వెళ్లవద్దు; ఏ మందు ఎంత మోతాదో చెప్పండి. నడుం బెల్టు వాడుతుంటే అది పెట్టుకునే వెళ్లండి. పాత ఎక్స్‌రే, ఎమ్మారై ఫిల్ములు అసలువి చూపించి వెనక్కి తెచ్చుకోండి, నకళ్లే ఇవ్వండి. రిటైరయ్యాక వరి బస్తాలు మోశారా, సెక్యూరిటీ ఉద్యోగం చేశారా అని అడుగుతారు, ఉన్నది చెప్పండి. సర్వీసులోనే మొదలైన జబ్బని కాగితం చెబుతున్నప్పుడు తర్వాత చేసిన వ్యవసాయం దాన్ని చెరిపేయలేదు. దాచి పట్టుబడితేనే ఇబ్బంది.

ఇంకో మాట, పెన్షన్‌తో సంబంధం లేకపోయినా. నడుం నొప్పితో పాటు మూత్రం బిగుసుకుపోయినా, అదుపు తప్పినా, తొడల మధ్య స్పర్శ తెలియకపోయినా, రెండు కాళ్లూ బలం తగ్గుతున్నా బోర్డు తేదీ కోసం ఆగకండి. అదే రోజు, అదే గంటలో పెద్దాసుపత్రికి వెళ్లండి. ఆ నరాల మీద ఒత్తిడి వెంటనే తీయకపోతే నష్టం శాశ్వతంగా మిగిలిపోవచ్చు.

ప్రశ్న: నాకు 20 శాతానికే డబ్బు వస్తోంది. 50గా లెక్కించాలంటున్నారు, నిజమేనా? (అమలాపురం)

జవాబు: నిజం. 50కి తక్కువైతే 50గా, 50 నుంచి 75 వరకు 75గా, 76 నుంచి పైన 100గా లెక్కిస్తారు. మొదట ఇది ఇన్‌వాలిడ్ అయినవారికే ఇచ్చారు. సర్వీసు పూర్తిచేసినవారికి కూడా వర్తిస్తుందని 2014 డిసెంబరు 10న రామ్ అవతార్ కేసులో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. లెక్క ఇలా: 100 శాతం వైకల్యానికి, పెన్షన్ లెక్కకు తీసుకునే చివరి జీతంలో 30 శాతం. ఆ జీతం 40,000 అనుకుంటే 100 శాతానికి 12,000, 20 శాతానికి 2,400, 50 శాతానికి 6,000. పైన డీఆర్, అంటే కరువు భత్యం, అదనం. రక్షణ శాఖ పెన్షన్ల వెబ్‌సైట్ స్పర్శ్‌లో మీ పీపీఓ, అంటే పెన్షన్ మంజూరు ఉత్తర్వు, తెరిచి డిసేబిలిటీ ఎలిమెంట్ దగ్గర ఏ శాతం ఉందో చూడండి. 20 అనే ఉంటే బోర్డు పత్రం, పీపీఓ నకళ్లతో అక్కడే ఫిర్యాదు పెట్టి, కాపీ రికార్డ్ ఆఫీసుకు పంపండి. 2023 సెప్టెంబరు 21న గానీ ఆ తర్వాత గానీ బయటికొచ్చినవారికి కొత్త నిబంధనలు వర్తిస్తాయి. వారు ఈ లెక్కను తమకు అన్వయించుకోకూడదు.

ప్రశ్న: ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంది, పీపీఓలో ఒక్క అక్షరమే. దీనివల్ల క్లెయిమ్ ఆగుతుందా? ఒకాయన అన్నీ చూసుకుంటానని స్పర్శ్ పాస్‌వర్డ్ అడుగుతున్నాడు. (భీమవరం)

జవాబు: ఆగవచ్చు. తెలుగువాళ్లకు ఇది దాదాపు ప్రతి ఇంటా ఉన్న చిక్కే. డిశ్చార్జ్ బుక్‌లో ఉన్న పేరునే మూలంగా పెట్టుకుని, రెండూ ఒకరి పేర్లేనని నోటరీ అఫిడవిట్ చేయించండి. వీలైతే ఆధార్‌నే దానికి సరిపోయేలా మార్పించుకోండి, క్లెయిమ్ పంపే ముందే. పాస్‌వర్డ్, ఓటీపీ ఎవరికీ ఇవ్వవద్దు. అసలు డిశ్చార్జ్ బుక్ చేతికివ్వవద్దు. వచ్చే బకాయిలో వాటా అని సంతకం చేయవద్దు. ఫారాలు నింపడానికి జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో డబ్బు తీసుకోకుండానే సాయం చేస్తారు. డిశ్చార్జ్ బుక్, మాజీ సైనికుల గుర్తింపు కార్డు, పీపీఓ, వీటి రెండేసి నకళ్లు తీసుకుని వెళ్లండి.