బాలింతకు రక్తస్రావం ఆగింది, బిల్లూ భయమూ మిగిలాయి. ఇప్పుడేం చేయాలి?

బెంగళూరు ప్రైవేటు ఆస్పత్రిలో మీ చెల్లెలికి కాన్పయ్యాక రక్తం ఆగక నాలుగు యూనిట్లు ఎక్కించారనీ, రెండు రోజులు ఐసీయూలో ఉంచారనీ, బిల్లు ప్యాకేజీకి మూడింతలైందనీ, ఇంటికొచ్చాక ఆమెకు నిద్ర పట్టడం లేదనీ రాశారు. ముందు కాగితాల సంగతి చూడండి, వాటికి గడువుంటుంది.

ఐటమ్ వారీగా బిల్లు అడగండి. అందులో రక్తం దగ్గర ఆగి చూడండి. రక్తాన్ని అమ్మకూడదు, ప్రాసెసింగ్ రుసుమే (పరీక్షించి, నిల్వ చేసే ఖర్చు) తీసుకోవాలని 2024 జనవరిలో కేంద్రం మరోసారి చెప్పింది. అది యూనిట్‌కు 250 నుంచి 1,550 రూపాయల లోపే. ప్రత్యేక పరీక్షలకు కొంత అదనం పడొచ్చు. అంతకు మించి వేస్తే రాతపూర్వకంగా అడగండి.

కంపెనీ ఇన్సూరెన్స్ అయితే హెచ్ఆర్ దగ్గర పాలసీ పూర్తి పాఠం తీసుకోండి. మామూలుగా కాన్పు ఖర్చంతా మెటర్నిటీ పరిమితిలోనే (కాన్పుకని విడిగా పెట్టిన చిన్న మొత్తం) కలిపేస్తారు. కొన్ని గ్రూపు పాలసీల్లో మాత్రం ప్రాణాపాయమైన చిక్కులకు అసలు బీమా మొత్తం వర్తిస్తుందనే క్లాజు ఉంటుంది. చాలామంది అది చదవకుండానే వదిలేస్తారు. గది అద్దె పరిమితి దాటిందని కోత పెడితే, ఐసీయూ ఛార్జీల మీదా మందుల మీదా పరీక్షల మీదా ఆ కోత వేయకూడదని గుర్తుచేయండి.

డిశ్చార్జి సమ్మరీలో ఎంత రక్తం పోయింది, ఎందుకు పోయింది (గర్భసంచి బిగుసుకోలేదా, మాయ ముక్క మిగిలిందా, చిరుగు పడిందా), ఏం చేశారు అన్నవి రాయించండి. తర్వాతి కాన్పు చేసే డాక్టరుకు అదే ఆధారం. ఒకసారి ఇలా అయినవాళ్లకు మళ్లీ అయ్యే అవకాశం ఎక్కువ.

ఇంట్లో పెద్దవాళ్ల పథ్యం ఇక్కడ జాగ్రత్తగా చూడాలి. వెల్లుల్లి కారం పెట్టనివ్వండి, పర్వాలేదు. కానీ నీళ్లు తగ్గించడం, ఆకుకూర, గుడ్డు మానిపించడం ఈ బాలింతకు కీడు. ఐరన్ మాత్ర నిమ్మరసంతో ఇవ్వండి. కాఫీ, టీ, పాలతో వద్దు, కాల్షియం మాత్రతో కలిపీ వద్దు. మాత్రలతో హిమోగ్లోబిన్ పెరగకపోతే ఐరన్ సెలైన్ గురించి డాక్టరును అడగండి. గంటలోపే ప్యాడ్ తడిసిపోయినా, పెద్ద గడ్డలు పడినా, జ్వరమొచ్చినా, దుర్వాసన వచ్చినా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి. రక్తస్రావం వారాల తర్వాత కూడా తిరగబెడుతుంది. పాలు అసలే పడకపోతే "పోతపాలు చాల్లే" అని సరిపెట్టుకోకండి. అంత రక్తం పోయినప్పుడు, పాలు పడేలా చేసే పిట్యూటరీ గ్రంథి (మెదడు అడుగున ఉంటుంది) దెబ్బతినే వీలుంది, పరీక్ష చేయించాలి.

ఇక నిద్ర. ఆపరేషన్ థియేటర్ దీపాలు కళ్లముందు తిరగడం, ఆస్పత్రి వైపు వెళ్లాలంటే వణకడం, పాపను ఎత్తుకోవాలనిపించకపోవడం బలహీనత కాదు, గాయం. "బతికావుగా, ఇంకెందుకు ఏడుపు" అనే మాట ఎవరి నోటా రానివ్వకండి. జరిగింది వరుసగా చెప్పమని ప్రసవం చేసిన డాక్టరును ఒక అరగంట అడగండి. ఏం జరిగిందో తెలియకపోతే ఊహే ఎక్కువ భయపెడుతుంది. బయట నిలబడి సంతకాలు పెట్టిన ఆమె భర్తనూ తోడు తీసుకెళ్లండి, ఆయన కూడా లోలోపల నలిగే ఉంటారు. నెల దాటినా తగ్గకపోతే బెంగళూరులోనే ఉన్న కేంద్ర ప్రభుత్వ మానసిక ఆస్పత్రి నిమ్హాన్స్‌లో బాలింతల మానసిక వైద్యానికి ప్రత్యేక విభాగం ఉంది, తల్లినీ బిడ్డనూ కలిపి చేర్చుకుంటారు. ఈలోపు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనూ మాట్లాడతారు. చనిపోవాలనో పాపకు ఏదో చేయాలనో ఆలోచన వస్తోందంటే ఆగకండి, ఆమెను ఒంటరిగా వదలకుండా అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్లండి.